పెళ్లి నిజమే, కానీ ఫైల్ ఏం చెబుతోంది? కెనడా స్పౌజ్ స్పాన్సర్‌షిప్‌లో సంబంధాన్ని రుజువు చేయడం

శుభలేఖ మీద ముహూర్తం శుక్రవారం రాత్రి 2 గంటల 47 నిమిషాలకు అని ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో 'తెల్లవారితే శనివారం' అని కూడా వేస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ మీద మాత్రం శనివారం తేదీ ఉంటుంది. మన ఇళ్లలో ఎవరికీ ఇందులో తేడా కనిపించదు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటినా అది శుక్రవారమే. ఈ రెండు కాగితాలూ కెనడా ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ చేతికి వెళ్తే, ఆ మనిషికి కనిపించేది ఒకే పెళ్లికి రెండు తేదీలు. ఫారంలో భర్త ఒక తేదీ, భార్య ఇంకో తేదీ రాస్తే అనుమానం ఇంకాస్త బలపడుతుంది. ఇక్కడ కావలసింది కొత్త సాక్ష్యం కాదు, 'మా పద్ధతిలో రోజు ఇలా లెక్కపెడతాం' అని రెండు వాక్యాల వివరణ.

కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లు, పౌరసత్వం వచ్చినవాళ్లు తమ భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేసేటప్పుడు, అంటే వాళ్లకూ పీఆర్ ఇవ్వమని దరఖాస్తు పెట్టేటప్పుడు వచ్చే చిక్కుల్లో చాలా వరకు ఇలాంటివే. పెళ్లి నిజమైనదే అయినా అది నిజమని చూపించాల్సిన బాధ్యత దరఖాస్తు పెట్టినవాళ్లదే. నిజమైనది కాదని నిరూపించాల్సిన పని ఆఫీసర్‌కు లేదు. అందుకని మనవాళ్లు చేసే మొదటి పని సాక్ష్యం పోగెయ్యడం. వందల ఫొటోలు, నెలల తరబడి వాట్సాప్ చాట్‌లు, బంధువులందరి దగ్గరా సంతకాలు పెట్టించుకున్న లెటర్లు. ఇంత చేసినా రిజెక్షన్ వచ్చిందంటే, కట్ట చిన్నదైందని కాదు. ఆఫీసర్ అడిగేది ఒక ప్రశ్న, మనం జవాబు చెప్పింది ఇంకో ప్రశ్నకు.

నిజానికి ఆఫీసర్ ముందు ఉండేది ఒక ప్రశ్న కాదు, మూడు. చట్టప్రకారం ఈ ఇద్దరూ భార్యాభర్తలేనా? ఈ పెళ్లి ముఖ్యంగా ఇమ్మిగ్రేషన్ కోసమే జరిగిందా? ఈరోజు వీళ్ల మధ్య ఉన్నది నిజమైన సంబంధమేనా? ఈ మూడింటికీ జవాబులు వేరు, కావలసిన కాగితాలు వేరు. మొదటి ప్రశ్న దగ్గరే దెబ్బతిన్న ఫైల్‌ను ఎన్ని పెళ్లి ఫొటోలు పెట్టినా కాపాడలేం.

చట్టం దృష్టిలో పెళ్లి అయిందా?

పెళ్లి జరిగిన దేశపు చట్టం ప్రకారం, కెనడా చట్టం ప్రకారం, రెండు విధాలా అది చెల్లాలి. మనకు సంబంధించినంతవరకు ఇండియా వైపు చూడాల్సినవి ఎక్కువ.

సంబంధం ఖాయమయ్యాక, అబ్బాయికి మళ్లీ సెలవు దొరకడానికి నెలలు పడుతుందని, 'వీసా పని ముందు మొదలుపెడదాం' అంటూ తాంబూలాలు మార్చుకున్న వారంలోనే రిజిస్టర్ మ్యారేజ్ చేయించి, అసలు పెళ్లి తర్వాత ముహూర్తం చూసి చేసే పద్ధతి మన దగ్గర బాగా పెరిగింది. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్లిని నమోదు చేయడం. జరగని పెళ్లిని ఆ నమోదు సృష్టించలేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, జస్టిస్ నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం, ఈ మాటే స్పష్టంగా చెప్పింది. అందులో భార్యాభర్తలుగా నమోదైన ఇద్దరూ శిక్షణ పొందిన పైలట్లు. పెళ్లి తంతు జరగకుండానే సర్టిఫికెట్ తీసుకున్నారు. కోర్టు ఆ పెళ్లి చెల్లదంది. విదేశాల వీసాల కోసం తల్లిదండ్రులే ముందుగా రిజిస్ట్రేషన్ చేయించే అలవాటును కూడా ఆ తీర్పులో ప్రత్యేకంగా ప్రస్తావించి హెచ్చరించింది.

దీన్ని కెనడా ఫైల్‌కు అన్వయించి చూడండి. సర్టిఫికెట్ మీద ఫిబ్రవరి తేదీ ఉంటుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఏడడుగుల ఫొటోల మీద ఆగస్టు తేదీ ఉంటుంది. సర్టిఫికెట్‌లో 'వివాహం జరిగిన తేదీ' దగ్గర ఫిబ్రవరిలో ఏదో గుడి పేరు రాసి ఉంటుంది, అక్కడ నిజంగా ఏ తంతూ జరగలేదు. అంటే మన పెళ్లికి ఉన్న అతి ముఖ్యమైన కాగితంలోనే అబద్ధం ఉన్నట్టు. తొందరే ఉంటే దానికి సరైన దారి ప్రత్యేక వివాహ చట్టం, 1954. ముప్పై రోజుల నోటీసు, మ్యారేజ్ ఆఫీసర్ ఎదుట సాక్షులతో పెళ్లి. ఆ పెళ్లి దానంతట అదే చెల్లుతుంది, తర్వాత సంప్రదాయంగా వేడుక చేసుకున్నా ఇబ్బంది లేదు. లేదంటే ఏ గుళ్లోనో క్లుప్తంగానైనా నిజంగా పెళ్లి జరిపించి, ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించుకోవాలి.

హైదరాబాద్‌లో ఎప్పటినుంచో ఉన్న ఫోన్ నిఖా, కోవిడ్ రోజుల్లో ఎక్కువైన వీడియో కాల్ పెళ్లిళ్ల సంగతి ఇంకా కఠినం. 2015 జూన్ 11 నుంచి కెనడా నిబంధన ఒకటే: పెళ్లి సమయంలో ఇద్దరిలో ఎవరు అక్కడ శరీరంతో లేకపోయినా ఆ పెళ్లి ఆధారంగా స్పాన్సర్ చేయడం కుదరదు. కెనడా సైన్యంలో పనిచేసేవాళ్లకు మాత్రమే మినహాయింపు ఉంది. పెళ్లి జరిగిన చోట అది చెల్లినా సరే, ఇమ్మిగ్రేషన్‌కు పనికిరాదు. ఇద్దరూ ఒకచోట ఉండి మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ పెళ్లి మీద దరఖాస్తు పెట్టుకోవాలి.

మేనరికాల గురించి చాలామంది భయపడతారు. మేనత్త కొడుకును, మేనమామను చేసుకున్నవాళ్లు ఫారంలో చుట్టరికం రాయాలా వద్దా అని తటపటాయిస్తారు. రాయండి. హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య పెళ్లిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన ప్రాంతంలో ఆ ఆచారం తరతరాలుగా ఉంది. ఇక కెనడా ఫెడరల్ చట్టం అడ్డుచెప్పేది తల్లిదండ్రులు-పిల్లలు వంటి నేరు వరుసకు, తోబుట్టువులకు మాత్రమే. బావామరదళ్లు, మేనమామ-మేనకోడలు ఆ నిషేధంలో లేరు. దాచినప్పుడే ముప్పు. ఇద్దరి ఫారాల్లోనూ అమ్మానాన్నల పేర్లు, తోబుట్టువుల పేర్లు అడుగుతారు కాబట్టి చుట్టరికం ఎలాగూ బయటపడుతుంది. ఆచారాన్ని వివరిస్తూ ఒక పేజీ, వంశవృక్షం ఒకటి పెడితే సరిపోతుంది. 'మీరు మొదట ఎప్పుడు కలిశారు' అన్న గడిలో 'పుట్టినప్పటి నుంచి తెలుసు' అని రాయొచ్చు, కానీ అక్కడితో ఆపకూడదు. పెళ్లి మాట ఎప్పుడు, ఎవరు ఎత్తారు, ఇద్దరూ ఎప్పుడు ఒప్పుకున్నారు అన్నది రాయాలి. చుట్టాలను దేశంలోకి తెచ్చుకోవడానికి చేసిన పెళ్లేమో అన్న అనుమానం ఆఫీసర్‌కు రావడం సహజం, దానికి జవాబు ఆ వివరాల్లోనే ఉంటుంది.

రెండో పెళ్లి అయితే మొదటి పెళ్లి ఎలా ముగిసిందో చూపాలి. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపర్ మీద రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్ముకోవద్దు. విడాకులైతే కోర్టు డిక్రీ ఉండాలి, ఆ డిక్రీ తేదీ కొత్త పెళ్లి తేదీకి ముందుండాలి.

'సింగిల్' అని టిక్ పెట్టిన ఆ రోజు

ఏళ్ల తర్వాత కూడా వెంటాడేది ఇది. ఒక అబ్బాయి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (చదువు, ఉద్యోగ అనుభవం మీద పీఆర్ ఇచ్చే పద్ధతి) ఒంటరిగా దరఖాస్తు పెడతాడు. పీఆర్ ఇంకా చేతికి రాకముందే ఇంటికి వచ్చి పెళ్లి చేసుకుంటాడు. ఇప్పుడు పెళ్లయిందని చెబితే ఫైల్ ఆలస్యమవుతుందని ఎవరో సలహా ఇస్తారు. చెప్పకుండానే పీఆర్‌తో కెనడాలో దిగుతాడు, ఆ తర్వాత భార్యను స్పాన్సర్ చేద్దామని చూస్తాడు. కెనడా నిబంధనల్లో 117(9)(డి) అని ఒక క్లాజ్ ఉంది. పీఆర్ వచ్చే నాటికి ఉన్న భార్య లేదా భర్త గురించి చెప్పకపోతే, వాళ్ల వివరాలను ఇమ్మిగ్రేషన్ అప్పుడు పరిశీలించలేదు కాబట్టి, ఆ వ్యక్తిని ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యులను స్పాన్సర్ చేసే విభాగంలో) స్పాన్సర్ చేయడానికి వీల్లేదు. పెళ్లి నూటికి నూరుపాళ్లు నిజమైనదైనా అంతే. పైగా విషయం దాచినందుకు అబ్బాయి పీఆర్‌కే ఎసరు రావచ్చు. 2019 సెప్టెంబర్‌లో ఈ క్లాజ్‌కు కొంత వెసులుబాటు తెచ్చారు గానీ, అది తాత్కాలికం, అందరికీ వర్తించేది కాదు. మానవతా కారణాలతో అడిగే దారి వేరే ఉంది, అది పూర్తిగా ఆఫీసర్ విచక్షణ. పెళ్లయిన వెంటనే ఒక వెబ్‌ఫారం నింపి భార్య పేరు చేర్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఈ ఒక్క తప్పుడు సలహా వల్ల ఏళ్ల తరబడి చెరో దేశంలో ఉండిపోయిన జంటల కథలు వింటుంటే కడుపు తరుక్కుపోతుంది.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుందని చాలామంది స్టూడెంట్లకు తెలియదు. కెనడా ఇమ్మిగ్రేషన్‌లో కామన్-లా పార్ట్‌నర్ అంటే దాంపత్యం లాంటి సంబంధంలో కనీసం ఏడాది పాటు కలిసి కాపురం ఉన్న మనిషి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఏడాది నిండితే చట్టప్రకారం మీ హోదా మారిపోతుంది. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో రెండేళ్లుగా కలిసి ఉంటూ, ఇంట్లో తెలియదు కదా అని ప్రతి పర్మిట్ ఎక్స్‌టెన్షన్ ఫారంలోనూ 'సింగిల్' అని పెట్టి, పీఆర్ కూడా అలాగే తెచ్చుకుంటే, తర్వాత ఆ పార్ట్‌నర్‌ను స్పాన్సర్ చేసేటప్పుడు పాత ఫారాలన్నీ ఎదురు తిరుగుతాయి.

మనవాళ్ల విషయంలో కామన్-లా రుజువు కష్టమయ్యేది ఇక్కడే. లీజ్ ఒకరి పేరు మీదే ఉంటుంది, మిగతా రూమ్మేట్లు ఉంటారు, ఇండియాలో అమ్మానాన్నలకు తెలియదు. ఆఫీసర్ వెతికేది ఒకే కప్పు కింద ఉండటం మాత్రమే కాదు. 1999లో కెనడా సుప్రీంకోర్టు ఎం. వర్సెస్ హెచ్. అనే కేసులో దాంపత్య సంబంధానికి గుర్తులుగా ఉమ్మడి నివాసం, వ్యక్తిగత సాన్నిహిత్యం, ఇంటిపనుల పంపకం, నలుగురిలో జంటగా మెలగడం, డబ్బు విషయంలో ఒకరికొకరు ఆసరా, పిల్లలు, చుట్టూ ఉన్నవాళ్లు వీళ్లను ఎలా చూస్తారు అన్నవాటిని ప్రస్తావించింది. ఇవన్నీ ప్రతి జంటలోనూ ఉండాలని లేదు. ఇంట్లో చెప్పలేకపోతే ఆ సంగతే రాయండి: కులం వేరనో, మతం వేరనో, ఇంకో కారణమో. కానీ ఆ నగరంలో మీ స్నేహితులకు, ఇంటి ఓనర్‌కు, ఆఫీసులో హెచ్‌ఆర్‌కు మీరు జంట అని తెలిసి ఉండాలి. ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సుల మీద ఒకే అడ్రస్, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో పార్ట్‌నర్‌గా పేరు, ఉమ్మడి ఖాతా నుంచి కట్టిన అద్దె, వీటికి విలువ ఎక్కువ.

ఏడాది కలిసి ఉండటమూ కుదరక, పెళ్లీ కుదరక ఉన్నవాళ్ల కోసం కాంజుగల్ పార్ట్‌నర్ అనే మూడో దారి ఉంది. పార్ట్‌నర్ కెనడా బయట, కనీసం ఏడాది సంబంధం, కలిసి ఉండకుండా అడ్డుపడుతున్న గట్టి కారణం: ఇవి ఉండాలి. 'ఉద్యోగం వదలలేక', 'ఇంట్లో ఒప్పుకోక' అన్న కారణాలు ఇక్కడ నిలబడవు. ఇండియాలో ఉన్న స్వలింగ జంటలకు ఈ దారి నిజంగా అవసరం. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద నేరం అన్న ముద్ర తీసేసినా, 2023 అక్టోబర్‌లో వాళ్ల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కెనడాలో మాత్రం 2005 నుంచి దేశమంతటా స్వలింగ వివాహం చట్టబద్ధం. వేరే దేశంలో కలిసి పెళ్లి చేసుకోగలిగితే అదే మేలు. వీసా దొరకక అదీ కుదరకపోతే, వచ్చిన వీసా రిజెక్షన్ లెటర్లే ఈ ఫైల్‌కు సాక్ష్యం.

దేనికోసం, నిజమేనా?

పెళ్లి చట్టప్రకారం చెల్లిన తర్వాత మిగిలిన రెండు ప్రశ్నలూ వస్తాయి. ముఖ్యంగా ఇమ్మిగ్రేషన్ హోదా కోసం చేసుకున్న పెళ్లి అయినా, నిజమైన సంబంధం కాకపోయినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. 2010 సెప్టెంబర్ వరకు, తిరస్కరించాలంటే ఆఫీసర్ ఈ రెండు లోపాలూ ఉన్నాయని తేల్చాల్సి వచ్చేది. ఆ తర్వాత నిబంధన మార్చి, రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలన్నారు. ఈ మార్పు చిన్నది కాదు. ఉద్దేశాన్ని పెళ్లి చేసుకున్న నాటికి చూస్తారు, నిజమా కాదా అన్నది నిర్ణయం తీసుకునే నాటికి చూస్తారు. అంటే మొదట్లో వీసా కోసమే చేసుకుని, తర్వాత నిజంగా ప్రేమగా కాపురం చేస్తున్నా, మొదటి ఉద్దేశం మీద తిరస్కరించే వీలుంది. అలాగని కెనడా వెళ్లాలన్న కోరిక ఉండటమే తప్పు కాదు. అబ్బాయి కెనడాలో ఉన్నాడన్నది సంబంధం కలుపుకోవడంలో ఒక కారణం కావచ్చు, మన ఇళ్లలో అది అందరూ పైకే అనుకునే మాట. అది ముఖ్యకారణం కాకూడదు, అంతే.

మనది పెద్దలు కుదిర్చిన పెళ్లి, ప్రేమకథ ఏముంటుంది చూపించడానికి, అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. అక్కర్లేని టెన్షన్ అది. పెద్దలు కుదిర్చిన పెళ్లి కెనడా ఇమ్మిగ్రేషన్‌కు కొత్త కాదు, దాన్ని తప్పుగా చూడరు. ఆ పెళ్లిని ఆ సమాజపు పద్ధతితోనే పోల్చి చూస్తారు. పెళ్లికి ముందు రెండేళ్ల స్నేహం ఉందా అని అడగరు. సంబంధం ఎవరు తెచ్చారు, జాతకాలు చూశారా, పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయి, నిశ్చితార్థానికి ఎవరొచ్చారు, రెండు వైపుల తల్లిదండ్రులూ పెళ్లిలో ఉన్నారా అని చూస్తారు. అంటే మన పెళ్లికి అసలు సాక్షులు రెండు కుటుంబాలే.

ఇక అనుమానం పుట్టేది పద్ధతి తప్పినచోట. అమ్మాయి అబ్బాయి కంటే ఎనిమిదేళ్లు పెద్దదైతే, అబ్బాయికి అప్పటికే విడాకులై పిల్లాడుంటే, కులాంతర వివాహమైతే, పెళ్లికి ఒక వైపు వాళ్లు రాకపోతే, చూపులకూ పెళ్లికీ మధ్య నాలుగు రోజులే ఉంటే, 'ఈ పద్ధతుల్లో ఇది మామూలుగా జరగదు కదా, మరి ఎందుకు జరిగింది?' అని ఆఫీసర్ ఆగుతారు. ప్రతిదానికీ మన దగ్గర కారణం ఉంటుంది. సెలవు మూడు వారాలే దొరికింది. వచ్చేది మూఢం, ఆ తర్వాత ఆషాఢం, అది దాటితే అబ్బాయి ఉద్యోగంలో ఉండాలి. నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, పెద్ద హాల్లో చేసే ఓపిక లేక అన్నవరం కొండ మీద చేశారు. ఈ కారణాలు ఫైల్‌లో ఉండవు, ఎందుకంటే మనకు అవి చెప్పాల్సినంత విషయాలుగా అనిపించవు. చెప్పాలి. పెళ్లయిన కొత్తలో వచ్చిన ఆషాఢంలో కోడలు పుట్టింట్లో ఎందుకుందో కూడా చెప్పాలి, ఎందుకంటే భర్త ఇండియాలో ఉన్న ఆ పది రోజులూ భార్య వేరే అడ్రస్‌లో ఉందని ఫైల్‌లో కనిపిస్తుంది.

సంబంధం వివరాలు రాసే ఫారం పేరు ఐఎంఎం 5532. అందులో మీ కథ మీరు చెప్పుకోవాలి. చాలామంది ఇక్కడ ఏజెంటు ఇచ్చిన ఇంగ్లిష్ పేరాను దించేస్తారు: మొదటి చూపులోనే ఇష్టపడ్డాం, అభిరుచులు కలిశాయి, ఒకరినొకరు గౌరవించుకుంటాం. ఏ జంట పేరు పెట్టినా సరిపోయే మాటలవి, ఆఫీసర్ వాటిని అంతకుముందు ఎన్నో ఫైళ్లలో చదివే ఉంటారు. దానికి బదులు ఇలా రాసిన పేరా చూడండి: 'మా పెద్దమ్మ, వాళ్ల అత్తయ్య గుంటూరులో ఒకే స్కూల్లో టీచర్లు. ఆవిడే ఫొటో పంపారు. మొదటి వీడియో కాల్‌లో అతను మాట్లాడిందంతా వాళ్ల నాన్న డయాలసిస్ గురించే. నాకు ఆ రోజు ఏమీ నచ్చలేదు, వద్దన్నాను. రెండు వారాల తర్వాత అతనే ఫోన్ చేసి, తను ఇండియాకు తిరిగి రావాల్సి రావచ్చు, అది ఒప్పుకోగలవా అని అడిగాడు. అలా అడిగినందుకే ఒప్పుకున్నాను.' ఇందులో ప్రేమ అన్న మాట లేదు. కానీ ఇది ఇంకెవరి కథా కాదు. పైగా ఇంటర్వ్యూలో భర్తను విడిగా అడిగినా ఇదే వస్తుంది.

ఫొటోలు ఇరవైకి మించి వద్దని, చాట్‌లు, కాల్ రికార్డులు పది పేజీలు చాలని దరఖాస్తు చెక్‌లిస్ట్‌లోనే ఉంటుంది. కాబట్టి ఏరుకోవాలి. ప్రీ-వెడ్డింగ్ షూట్‌లో తీసిన పది ఫొటోలకన్నా, నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకుంటున్న ఇద్దరు తండ్రులు, మంగళసూత్రం కడుతుంటే వెనక నిలబడ్డ మేనమామ, సత్యనారాయణ వ్రతం పీటల మీద జంట, తర్వాత ఏడాది సంక్రాంతికి అత్తగారింట్లో అల్లుడు, ఇలా వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషులతో ఉన్న ఫొటోలు ఎక్కువ చెబుతాయి. ప్రతి ఫొటో కింద తేదీ, ఊరు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. చాట్‌లలోనూ అంతే. నెలకు ఒకటి చొప్పున, పెళ్లికి ముందు నుంచి నిన్నటి వరకు ఉండాలి. 'తిన్నావా', 'పడుకో' లాంటివి రోజూ ఉన్నాయని ఒక పేజీ చూపిస్తే చాలు. అద్దె ఇల్లు వెతకడం, అత్తగారి షుగర్ రిపోర్ట్, డబ్బు విషయంలో చిన్న గొడవ, ఇలాంటివి ఉన్న పేజీలు పెట్టండి. గొడవ పడిన చాట్ దాచేయాలనుకుంటారు, అవసరం లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగును ఆఫీసర్ చదవలేరు, అనువాదం పెట్టాలి. ఆ అనువాదం మీరో, మీ బంధువులో చేస్తే చెల్లదు, బయటి అనువాదకుల చేత చేయించి అఫిడవిట్ జతచేయాలి.

ఉమ్మడి బ్యాంక్ ఖాతా లేదని చాలామంది దిగులు పడతారు. ఒకరు విజయవాడలో, ఒకరు టొరంటోలో ఉన్నప్పుడు అది లేకపోవడం మామూలే. పీఎఫ్‌లో, ఎల్ఐసీలో నామినీగా భార్య పేరు మార్చారా? పాస్‌పోర్ట్‌లో భర్త పేరు చేర్చుకున్నారా? భర్త కంపెనీ బెనిఫిట్స్‌లో భార్య పేరు ఉందా? ఇవి చూస్తారు. అన్నిటికంటే ముందు, భర్త కెనడాలో వేసిన టాక్స్ రిటర్న్ చూసుకోవాలి. నవంబర్‌లో పెళ్లయితే ఆ ఏడాది రిటర్న్‌లో 'మ్యారీడ్' అని ఉండాలి. పాత అలవాటులో 'సింగిల్' అని వదిలేస్తే, ఇమ్మిగ్రేషన్‌కు ఒక మాట, రెవెన్యూ ఏజెన్సీకి ఇంకో మాట చెప్పినట్టవుతుంది. రిటర్న్ సవరించుకోవచ్చు, దరఖాస్తు పెట్టకముందే ఆ పని చేయాలి. ఇంటిపేరు సంగతి కూడా చూసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, శుభలేఖలో పొడి అక్షరంగా ఇంకోచోట, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో స్పెల్లింగ్‌తో ఉంటే, ఇవన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ పెట్టాలి.

ఇంటర్వ్యూ అందరికీ ఉండదు. ఉన్నప్పుడు తడబడేది పెద్ద ప్రశ్నల దగ్గర కాదు. భర్త ఏం చేస్తారంటే 'సాఫ్ట్‌వేర్' అంటారు. ఏ కంపెనీ? ఇంటి నుంచా, ఆఫీసుకా? ఎవరితో ఉంటున్నారు, వంట ఎవరు చేస్తారు? ఆయనకు అంతకుముందు సంబంధం ఏదైనా కుదిరి తప్పిపోయిందా? నువ్వు వెళ్లాక ఏం చేయాలనుకుంటున్నావు? రోజూ మాట్లాడుకునే జంటకు ఇవి తెలిసే ఉంటాయి. కానీ అడిగేసరికి, అబ్బాయి జీతం చెప్పకూడదేమో, పాత సంబంధం గురించి మాట్లాడకూడదేమో అన్న బిడియంతో 'తెలియదు' అంటారు. ఆఫీసర్‌కు ఆ బిడియం కనిపించదు, తెలియదన్న మాటే నోట్స్‌లో పడుతుంది. తెలుగులో మాట్లాడతానని, దుబాసీ కావాలని ముందే అడగొచ్చు. ఇంగ్లిష్ కొద్దిగా వచ్చినవాళ్లు ఈ విషయంలో మొహమాట పడొద్దు.

రిజెక్షన్ వస్తే

ఆఫీసర్‌కు అనుమానాలుంటే ముందు ఒక లెటర్ పంపి వివరణ అడగడం పద్ధతి. అందులో అడిగిన ప్రతి అంశానికీ విడివిడిగా జవాబు రాయాలి. పాత కాగితాలనే మళ్లీ పంపితే లాభం లేదు.

తిరస్కరిస్తే ఏం చేయొచ్చన్నది మీరు దరఖాస్తు ఏ క్లాస్‌లో పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పార్ట్‌నర్ బయటి దేశంలో ఉన్నట్టుగా ఫ్యామిలీ క్లాస్‌లో పెడితే, స్పాన్సర్‌కు ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు ఉంటుంది. గడువు 30 రోజులు. అక్కడ కేసును మొదటి నుంచి వింటారు, కొత్త సాక్ష్యం ఇవ్వొచ్చు, ఇద్దరూ నోటితో చెప్పుకోవచ్చు, అత్తమామలను సాక్షులుగా పెట్టొచ్చు. కెనడా లోపల ఉన్నవాళ్ల క్లాస్‌లో పెడితే ఈ అప్పీల్ లేదు. ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి, 15 రోజుల గడువు, అదీ ఆఫీసర్ నిర్ణయం సహేతుకంగా ఉందా లేదా అన్నంతవరకే. భార్య కెనడాలోనే ఉన్నా ఫ్యామిలీ క్లాస్‌లో పెట్టుకోవచ్చు, చిక్కు ఉన్న ఫైల్ అనుకుంటే ఈ తేడా ముందే ఆలోచించాలి. ఏం చేసినా ముందు ఆఫీసర్ నోట్స్ తెప్పించుకోవాలి. రిజెక్షన్ లెటర్‌లో ఉండేది నాలుగు ముక్కలే, అసలు కారణం ఆ నోట్స్‌లో ఉంటుంది.

అబద్ధం దొరికితే సంగతి వేరు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేల్చితే అయిదేళ్ల నిషేధం. ఏజెంటు రాశాడు, నేను సంతకమే పెట్టాను అంటే ఒప్పుకోరు. అందుకే డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లు కెనడా లాయరా, లేక కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజెన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో లైసెన్స్ ఉన్నవాళ్లా అన్నది వాళ్ల రిజిస్టర్‌లో చూసుకోవాలి.

అమ్మాయి తరఫువాళ్లు అడగాల్సినవి

రుజువు గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆఫీసర్ అనుమానాల గురించే ఆలోచిస్తారు. కానీ ఈ నిబంధనలు తెలిస్తే సంబంధం కలుపుకోకముందే అమ్మాయి తరఫువాళ్లు కొన్ని తేల్చుకోవచ్చు. అబ్బాయికి పీఆర్ ఎలా వచ్చింది? గతంలో ఒక భార్య స్పాన్సర్ చేస్తే వచ్చిందా? అలా వస్తే, పీఆర్ వచ్చిన రోజు నుంచి అయిదేళ్ల దాకా అతను ఇంకో భార్యను స్పాన్సర్ చేయలేడు. అతనే ఇంతకుముందు ఎవరినైనా స్పాన్సర్ చేశాడా? చేస్తే ఆ మనిషి బాధ్యత మూడేళ్ల పాటు అతని మీద ఉంటుంది, అది తీరేదాకా ఇంకో భార్యకు స్పాన్సర్ కాలేడు. పీఆర్ మాత్రమే ఉంటే అతను కెనడాలో నివసిస్తూ ఉండాలి. వైకల్యం కారణంగా కాకుండా ప్రభుత్వ సాయం తీసుకుంటూ ఉంటే అర్హుడు కాడు. కట్నం గురించి, పొలాల గురించి అంత వివరంగా మాట్లాడుకునేవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి సంకోచించడం నాకు బాధగా ఉంటుంది. జీతం ఎంతన్నది భార్యను స్పాన్సర్ చేయడంలో సాధారణంగా అడ్డం కాదు, ఆ ప్రశ్నకన్నా ఇవే ముఖ్యం.

వెళ్లిన తర్వాత సంగతి కూడా అమ్మాయికి తెలిసి ఉండాలి. 2012 అక్టోబర్‌లో కెనడా ఒక షరతు పెట్టింది: కొత్తగా పెళ్లయి వచ్చినవాళ్లు రెండేళ్లు భర్తతో కలిసి ఉంటేనే పీఆర్ నిలుస్తుందని. దొంగ పెళ్లిళ్లు ఆపడానికి పెట్టిన ఆ షరతు, కొట్టే భర్తలతో ఉండలేక, వదిలి వెళ్లలేక ఆడవాళ్లు నలిగిపోయే పరిస్థితి తెచ్చింది. 2017 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నిజమైన పెళ్లితో వచ్చిన అమ్మాయి ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చినంత మాత్రాన ఆమె పీఆర్ పోదు. 'నా మాట వినకపోతే నీ పీఆర్ క్యాన్సిల్ చేయిస్తా' అని ఏ భర్త అన్నా అది ఉత్త బెదిరింపే. ఇంకా పీఆర్ రాకుండా కెనడాలో ఉండి, భర్త పెట్టే హింస భరిస్తున్నవాళ్ల కోసం 2019 జూలై నుంచి ప్రత్యేకంగా తాత్కాలిక నివాస పర్మిట్ ఉంది. అది అడగడానికి భర్త సంతకం అవసరం లేదు.